ఎవరి ఇంటి ఎదుటి గోడ వారు కట్టారు



గార మండలంలోని శ్రీకూర్మం మనందరికీ తెలిసిన ఊరే. తాబేలు రూపంలో భగవంతుని కొలిచే ఆలయం ఉన్నందువల్ల ఆ ఊరికి దేశమంతటా పేరుంది. మన హిందూ సోదరులు ఆ ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను ఎంతో ఆదరంతో సాకుతారు. ఆ ఊరికి తూర్పున సముద్రం ఉంది. ఏటా చలికాలం ముగిసే రోజుల్లో మన జిల్లా తీరానికి ఆలివ్ రిడ్లీ అనే జాతి సముద్రపు తాబేళ్ళు వస్తాయి. రాత్రివేళ ఒడ్డుకెక్కి, ఇసుకలో గొయ్యి తీసి, నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, మళ్ళీ ఇసుక కప్పి, తెల్లవారేలోగా నీళ్ళలోకి వెళ్ళిపోతాయి. ఆ గుడ్లను పొదిగేది ఇసుక వేడి. పుట్టేది ఆడదో మగదో నిర్ణయించేది కూడా ఆ వేడే. ఇసుక ఎక్కువ వేడెక్కితే ఆడ పిల్లలే ఎక్కువగా పుడతాయి. మరీ వేడెక్కితే గుడ్డులోని ప్రాణమే నశిస్తుంది. సర్వేశ్వరుడు ఆ చిన్న ప్రాణిని ఎంత సున్నితమైన కొలతతో సృజించాడో చూడండి. ఆ కొలత తప్పితే మొదట నష్టపోయేది నోరులేని జీవమే.

తాబేలుకు ఒక సౌకర్యం ఉంది. తన ఇంటిని వీపున మోసుకుని పోగలదు. మనం అలా పోలేము. మన ఇల్లు, మన చెరువు, మన గుడి, మన సమాధుల తోట అన్నీ ఉన్నచోటనే ఉంటాయి. అందుచేత వాతావరణం మారిపోతున్న ఈ కాలంలో మన ఊరిని మనం ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న ప్రతి క్రైస్తవ కుటుంబానికీ సంబంధించినది. ఈ వారం దాని గురించి ఆలోచిద్దాం.

తుఫానులు మనకు కొత్త కాదు. మన తాతల నాడూ ఉన్నాయి. వచ్చిన ప్రతి తుఫానునూ వాతావరణ మార్పు ఖాతాలో రాయడం సరికాదు. అయినా ఈ మధ్య సంవత్సరాలు మనం గడిపినవే కదా! 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి మన ఉత్తర మండలాలను కుదిపేసింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నంపై విరుచుకుపడి విజయనగరం, శ్రీకాకుళం వరకూ విధ్వంసం చేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన జిల్లాలోనే, పలాసకు చేరువలో, తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఆ వెంటనే వంశధారకు వరద వచ్చింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. కొబ్బరి మొక్క నాటి కాయ కళ్ళజూడాలంటే ఆరేడేళ్ళు ఆగాలి. తండ్రి నాటిన తోట పడిపోయినప్పుడు కొడుకు చేతిలో మిగిలేది అప్పు పత్రమే. ఆ రోజుల తర్వాత ఎందరు యువకులు ఊళ్ళు విడిచి వెళ్ళారో మీ విచారణ జ్ఞానస్నాన పుస్తకం తెరచి, ఈనాడు గుడికి వచ్చే వారితో పోల్చి చూడండి.

శాస్త్రజ్ఞులు చెప్పేది కష్టమైన విషయమేమీ కాదు. బొగ్గు, చమురు తగలబెట్టినందువల్ల వచ్చిన పొగ భూమికి దుప్పటి కప్పినట్లు వేడిని పట్టి ఉంచుతున్నది. సముద్రం వేడెక్కింది. వేడి నీరు తుఫానుకు మేత. గాలి వేడి ఒక్క డిగ్రీ పెరిగితే అది పట్టి ఉంచగల తేమ సుమారు ఏడు శాతం పెరుగుతుంది. అందుకే వాన పడనప్పుడు నెలలు పడదు, పడినప్పుడు ఒక్క పూటలో చెరువు గట్టు తెంపుతుంది. 2024వ సంవత్సరం కొలతలు మొదలైనప్పటి నుంచి అత్యంత వేడి సంవత్సరమని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించింది.

ఇదంతా ఒక ఆదివారం ప్రసంగంలో చెప్పినప్పుడు, పూజ ముగిశాక ఒక పెద్దాయన గుడి మెట్ల దగ్గర నిలబడి ఇలా అడిగారు: “ఫాదరుగారూ, సముద్రం ఏడెక్కిపోతంటే మన సర్పంచి ఏటి సేత్తాడండి? వీధి లైటు ఎయ్యమంటేనే ఆర్నెల్లు పడతాది.” చుట్టూ ఉన్నవారు నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఇంటికి వచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన అడిగినది వేళాకోళం కాదు. “ఇంత పెద్ద కీడు ముందు మనవంటి చిన్నవారు ఏం చేయగలరు?” అన్న నిస్పృహ ఆ మాట వెనుక ఉంది. నిస్పృహ అన్నది మెల్లగా విశ్వాసాన్ని కూడా తినేస్తుంది. కాబట్టి దానికి దేవుని వాక్కులో జవాబు వెతకాలి.

ఆ జవాబు నాకు నెహెమ్యా గ్రంథంలో దొరికింది. మనం తరచుగా చదవని గ్రంథమది. నెహెమ్యా పర్షియా రాజు కొలువులో పానపాత్ర అందించే ఉద్యోగి. యెరూషలేము గోడలు కూలిపోయాయని, ద్వారాలు కాలిపోయాయని, అక్కడ మిగిలినవారు దీనస్థితిలో ఉన్నారని దూరదేశంలో ఉండగా విన్నాడు. కూర్చుని ఏడ్చాడు. ఉపవసించి ప్రార్థించాడు. తరువాత రాజు సెలవు తీసుకుని వచ్చాడు. వచ్చిన వెంటనే ఉపన్యాసం ఇవ్వలేదు. మూడు రోజుల తర్వాత, రాత్రిపూట, కొద్దిమందిని వెంటబెట్టుకుని, పడిపోయిన గోడ వెంబడి తిరిగి ఎక్కడెక్కడ ఏమి కూలిందో కళ్ళారా చూశాడు. ఆ తర్వాతే ప్రజలను పిలిచి, రండి, కడదాం అన్నాడు.

మూడవ అధ్యాయం మొత్తం పేర్ల జాబితా. చదివేటప్పుడు మనం దాటవేస్తాం. కాని అసలు విశేషం అక్కడే ఉంది. గోడ కట్టినది రాజు పంపిన సైన్యం కాదు. ప్రధాన యాజకుడు ఎల్యాషీబు, తోటి యాజకులు మొదట నడుం కట్టారు. కంసాలులు ఒక భాగం, సుగంధద్రవ్యాలు చేసేవారు ఒక భాగం, వర్తకులు ఒక భాగం కట్టారు. ఆయా ప్రాంతాలను పాలించే స్థానిక అధికారులు తమ తమ భాగాలు కట్టారు. వారిలో షల్లూము అనే అధికారి తన కుమార్తెలతో కలిసి పనిచేశాడు. చాలామంది ఎవరి ఇంటి ఎదుట ఉన్న గోడను వారు బాగుచేశారు. ఒకనికి ఉన్నదల్లా ఒక గది. అతడు ఆ గది ఎదుటి గోడ కట్టాడు. ఆ విధంగా యాభైరెండు రోజుల్లో పట్టణమంతటి గోడ పూర్తయింది. ఒక్కరూ మొత్తం గోడ కట్టలేదు. అయినా ఏ ముక్కా మిగిలిపోలేదు.

ప్రియులారా, వాతావరణ మార్పు అనే ఈ కూలిన గోడలో మన ఇంటి ఎదుటి ముక్క పేరు గ్రామ పంచాయతీ.

1993వ సంవత్సరం మనకు జ్ఞాపకం ఉంచుకోదగినది. విశాఖపట్నం నుంచి విడివడి మన శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడినది ఆ ఏడే. రాజ్యాంగం 73వ సవరణ అమలులోకి వచ్చి పంచాయతీలకు రాజ్యాంగ హోదా లభించినది కూడా ఆ ఏడే, ఏప్రిల్ 24న. మన మేత్రాసనం, నేటి పంచాయతీ వ్యవస్థ ఒకే ఈడు పిల్లలు. ఆ సవరణతో చేర్చిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు ఉన్నాయి. వ్యవసాయం, భూసార సంరక్షణ, చిన్ననీటి వనరులు, చేపల పెంపకం, సామాజిక అడవులు, తాగునీరు, సంప్రదాయేతర ఇంధనం, ఆరోగ్యం, పారిశుద్ధ్యం, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ అన్నీ అందులో ఉన్నాయి. మళ్ళీ ఒకసారి ఆ జాబితా చదవండి. నీళ్ళు, చెట్లు, నేల, ఇంధనం. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పల్లెకు కావలసినవి ఇవే కదా? ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు సగం జవాబు రాజ్యాంగంలోనే ఉంది.

ఇది మన తిరుసభ బోధకు కూడా అనుగుణమైనదే. చిన్న సంఘం తానే చేసుకోగల పనిని పెద్ద సంఘం లాక్కోకూడదని, చిన్న సంఘం చేయలేని చోట పెద్దది ఆదుకోవాలని 1931లో పదకొండవ పియూసు పోపుగారు తమ విశ్వలేఖలో బోధించారు. 1990 జనవరి 1న పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు విశ్వశాంతి దినోత్సవ సందేశాన్ని సృష్టి సంరక్షణకే కేటాయించారు. 2015లో ఫ్రాన్సిసు పోపుగారు ‘లౌదాతో సి’ అనే విశ్వలేఖలో భూమి మొరను, పేదవాని మొరను విడదీసి వినకూడదని నేర్పుతూ, దేశాలు, ప్రభుత్వాలు తడబడే చోట కూడా స్థానిక ప్రజలు, సహకార సంఘాలు మార్పు తేగలరని గుర్తుచేశారు. 2025 ఏప్రిల్ 21న ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆయన వదలిన పని మన చేతుల్లో ఉంది.

మరి స్థానిక సంస్థలు నిజంగా ఏమైనా చేయగలిగాయా? చేయగలిగాయి. కొన్ని ఉదాహరణలు చెబుతాను.

మన పక్కనే ఉన్న ఒడిశాను చూడండి. 1999 అక్టోబరు 29న వచ్చిన పెను తుఫానులో అక్కడ సుమారు పదివేల మంది చనిపోయారు. దానికి ముందు 1977 నవంబరు 19న మన దివిసీమలో ఉప్పెన పదివేల ప్రాణాలు మింగింది. ఒడిశా వారు ఆ చావుల నుంచి పాఠం నేర్చుకున్నారు. తీరం వెంబడి తుఫాను ఆశ్రయ భవనాలు కట్టారు. ఊరూరా కమిటీలు వేశారు. ముసలివారిని ఎవరు మోసుకురావాలి, గర్భిణీ స్త్రీలను ఎవరు చూడాలి, మైకులో ఎవరు చెప్పాలి అన్నది ముందే పంచుకుని, ఏటా ఒకసారి అభ్యాసం చేశారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు సుమారు పది లక్షల మందిని ఖాళీ చేయించారు. మరణాలు యాభైలోపే. గాలి తగ్గలేదు, సముద్రం కరుణించలేదు. ఊరు సిద్ధంగా ఉంది, అంతే తేడా.

గుజరాత్‌లో అహమ్మదాబాదు నగరంలో 2010 మే నెల వడగాల్పులకు వందలాది మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ నగరపాలక సంస్థ 2013లో వేసవి వేడిని ఎదుర్కొనే ప్రణాళిక తయారుచేసింది. మన దేశంలో అటువంటిది అదే మొదటిది. వేడి ఫలానా స్థాయి దాటుతుందనగానే ముందు రోజే హెచ్చరిక చేయడం, తాగునీరు, నీడ ఏర్పాటు చేయడం, ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, పేదల ఇళ్ళ కప్పులకు తెల్లసున్నం వేయడం వంటివి అందులో ఉన్నాయి. 2015 మే నెలలో మన రాష్ట్రంలోనే వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారని మరచిపోకండి. వారిలో ఎక్కువమంది ఎండలో పనికి వెళ్ళక తప్పనివారు, ఇంట్లో ఒంటరిగా ఉన్న వృద్ధులు. తెల్లసున్నం బకెట్టు, మజ్జిగ కుండ, మధ్యాహ్నం పని ఆపమనే ఒక తీర్మానం. ఇవి ఏ పంచాయతీకి అందనివి?

మహారాష్ట్రలో హివరే బజార్ అనే కరువు పల్లె ఉంది. 1990 ప్రాంతం నుంచి ఆ ఊరివారు కొండ వాలున కందకాలు తవ్వి, చెట్లు నాటి, వాన నీటిని ఊరిలోనే ఆపారు. ఏటా కురిసిన వాన ఎంత, బావుల్లో నీరెంత అని కొలిచి, గ్రామసభలో కూర్చుని ఈ ఏడు ఏ పంట వేయాలో నిర్ణయించుకుంటారు. సాగుకు బోరు తవ్వరాదని కట్టడి చేసుకున్నారు. నీటికి కూడా ఇంటి ఖర్చులాగా లెక్క రాసుకున్న ఊరది. కేరళలో వయనాడు జిల్లా మీనంగాడి పంచాయతీ 2016లో తమ ఊరు వదిలే పొగకు, తమ చెట్లు పీల్చుకునే పొగకు సరిసమానం చేయాలని పూనుకుంది. రైతు చెట్టు నరకకుండా ఉంచితే, ఆ చెట్టు హామీ మీద వడ్డీలేని అప్పు ఇచ్చే ఏర్పాటు చేసింది. పిల్ల పెళ్ళికి, చదువుకు చెట్టు అమ్ముకునే రైతు కష్టాన్ని గుర్తించిన పథకమది.

ఈ ఊళ్ళవారు మనకంటే ధనవంతులు కారు. అక్కడా పార్టీలు ఉన్నాయి, కక్షలు ఉన్నాయి. వారు రాత్రివేళ గోడ చుట్టూ తిరిగిన నెహెమ్యాలాగా తమ ఊరిలో ఎక్కడ కూలిందో మొదట చూసుకున్నారు.

ఇప్పుడు మన ఊళ్ళ చుట్టూ ఒకసారి తిరుగుదాం. జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇసుక దిబ్బలు, వాటిమీద మొగలి పొదలు, సరుగుడు తోటలు, తాటి వరుసలు మన మొదటి గోడ. ఇసుక తవ్వుకుపోయిన చోట, సరుగుడు నరికి మళ్ళీ నాటని చోట ఆ గోడకు గండి పడినట్లే. రెండవ గోడ మన గెడ్డలు, తంపరలు, బీలలు. వరద వచ్చినప్పుడు నీటిని మింగి, వేసవిలో మెల్లగా వదిలేవి అవే. 2010లో సోంపేట దగ్గరి బీల భూముల్లో బొగ్గు విద్యుత్ కేంద్రం వస్తుందన్నప్పుడు అక్కడి రైతులు, మత్స్యకారులు ఆ నేల బంజరు కాదని, తమకు అన్నం పెట్టే చిత్తడి నేల అని పోరాడారు. జూలై 14న జరిగిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. అక్షరం రాని రైతుకు తెలిసిన సత్యం కాగితం మీదకు రావడానికి అంత వెల చెల్లించవలసి వచ్చింది. ఆ సత్యాన్ని గ్రామసభ పుస్తకంలో ముందే రాసి ఉంచుకోవడం ప్రతి ఊరి బాధ్యత.

మూడవ గోడ చెరువు. మదుము పనిచేస్తుందా? గట్టు మీద చెట్లున్నాయా? చెరువులోకి నీరు తెచ్చే కాలువ ఎవరి పొలంలో కలిసిపోయింది? కొండ ప్రాంతంలో ఉండే మన సవర, జాతాపు కుటుంబాలకు మరో గోడ కూడా ఉంది. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూలు ప్రాంతాల గ్రామసభకు తమ వనరుల మీద ప్రత్యేకమైన అధికారం ఇచ్చింది. సీతంపేట కొండల మీద అడవి నిలిస్తేనే దిగువన గెడ్డల్లో నీరు ఉంటుంది. కొండవారి గోడ, పల్లంవారి గోడ ఒకటే గోడ.

ఇక్కడ మనలను మనం పరీక్షించుకోవలసిన ఘట్టం వస్తుంది. నెహెమ్యా జాబితాలో ఒక చేదు వాక్యం ఉంది. తెకోవా ఊరి సామాన్యులు గోడ కట్టారు గాని, వారిలో ఘనులైనవారు ఆ పనికి మెడ వంచలేదట. ఇన్ని శతాబ్దాలు గడిచినా వారి పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది ఆ ఒక్క మాటే. పాపసంకీర్తనానికి వెళ్ళేటప్పుడు మనం ఏమేమి తలచుకుంటాం? కోపం, అబద్ధం, ఆదివారం పూజ తప్పడం. చెరువు గర్భంలో నాలుగు సెంట్లు కలుపుకున్న పాపం ఎప్పుడైనా చెప్పుకున్నామా? ప్లాస్టిక్ సంచులు గెడ్డలో పారబోసినది? రాత్రిపూట ఇసుక ట్రాక్టరుకు దారి చూపినది? గ్రామసభ రోజున, “మనకెందుకు గొడవ, మనం కొద్దిమందిమి” అని ఇంట్లో కూర్చున్నది? మనం కొద్దిమందిమి అన్నది నిజమే. కాని ఒక్క గది ఉన్నవాడు కూడా తన ముక్క కట్టాడని గదా మనం చదివాం!

ఇంకొక హెచ్చరిక కూడా ఆ గ్రంథంలోనే ఉంది. గోడ లేస్తుండగా పేదలు నెహెమ్యా దగ్గరకు వచ్చి మొరపెట్టుకున్నారు. కరువులో ధాన్యం కోసం పొలాలు తాకట్టు పెట్టామని, పిల్లలను దాస్యానికి అప్పగించవలసి వస్తున్నదని ఏడ్చారు. నెహెమ్యా పెద్దలను పిలిచి గద్దించి, పొలాలు, వడ్డీ తిరిగి ఇప్పించాడు. పేదవాని కడుపు కొట్టి కట్టిన గోడ దేవునికి ఇష్టమైనది కాదు. మన ఊళ్ళలో తుఫాను వెళ్ళాక నష్టపరిహారం జాబితా రాస్తారు. అందులో పట్టా ఉన్నవారి పేరు ఉంటుంది. భూమి దున్నిన కౌలురైతు పేరు ఉందా? పడవ లేక కూలికి వేటకు వెళ్ళే మత్స్యకారుని పేరు ఉందా? విధవరాలి పూరిల్లు ఉందా? ఆ జాబితాను పంచాయతీ గోడకు అంటించి అందరి ముందు చదివించమని అడగడం కూడా క్రైస్తవ ధర్మమే.

పంచాయతీ చేతిలో అన్నీ ఉన్నాయని నేను చెప్పడం లేదు. దాని పెట్టెలో డబ్బు తక్కువ. దాని ఉద్యోగులు కొద్దిమంది. సముద్రాన్ని చల్లార్చే శక్తి దానికి లేదు. పొగ ఎక్కువగా వదిలిన ధనిక దేశాలు, బొగ్గు మీద నిర్ణయం తీసుకునే ప్రభుత్వాలు తమ ముక్క కట్టకపోతే మన ముక్క ఒక్కటే మనలను కాపాడదు. తక్కువ తప్పు చేసినవారు ఎక్కువ బాధపడటం అన్యాయం. ఆ అన్యాయాన్ని అన్యాయమని చెప్పి తీరాలి. కాని తన ఇంటి ఎదుట గోడ కట్టినవాడు పక్కవానిని అడిగితే ఆ మాటకు బలం ఉంటుంది. చేతులు ముడుచుకుని కూర్చున్నవాడు అడిగితే ఎవరు వింటారు?

కాబట్టి మన విచారణల్లో ఈ ఏడాది నాలుగు పనులు చేద్దాం.

మొదటిది, గ్రామసభకు వెళ్దాం. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజున గ్రామసభలు జరిగాయి. అందులో మీ ఊరి సభలో మీరు ఉన్నారా? ఏటా పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాస్తారు. ఆ ప్రణాళికలో మన చెరువు, మన గెడ్డ, మన ఆశ్రయ భవనం ఉండాలని చేయెత్తి చెప్పి, తీర్మానం రాయించి, సంతకం పెట్టి రండి. 2021 నుంచి 2026 వరకు పదిహేనవ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, వాననీటి సంరక్షణ, పారిశుద్ధ్యాలకే ప్రత్యేకించారు. మన ఊరిలో ఆ డబ్బుతో ఏం చేశారని మర్యాదగా అడగండి. మన రాష్ట్రంలో పంచాయతీ స్థానాల్లో సగం స్త్రీలకు కేటాయించారు. షల్లూము కుమార్తెలను తలచుకుని మన అక్కచెల్లెళ్ళు, మరియదళం సభ్యులు ముందు వరుసలో కూర్చోవాలి.

రెండవది, వర్షాకాలం రాకముందే విచారణ గురువులు, ఉపదేశులు, యువజనులు కలిసి ఊరి చుట్టూ ఒకసారి నడవండి. హిందూ, ముస్లిం సోదరులను కూడా పిలవండి. తుఫాను మతం అడిగి రాదు. ఏ వీధిలో నీరు నిలుస్తుంది, ఏ ఇంట్లో లేవలేని వృద్ధురాలు ఉంది, ఆశ్రయ భవనం తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అని రాసుకోండి. తాళంచెవి దొరకక తలుపు పగలగొట్టిన ఊళ్ళు ఉన్నాయి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మన సామెత. దాన్ని మన అలవాటు కానీయకండి.

మూడవది, మన గుళ్ళు, బడులు, మఠాల ఆవరణలు మొదట మాదిరిగా ఉండాలి. యాజకులు మొదట గోడ కట్టారని చదివాం కదా. గుడి కప్పు మీద పడిన వాన నీరు ఇంకుడు గుంతలోకి వెళ్ళాలి. ఆవరణలో వేప, కానుగ నాటాలి. పండుగ భోజనాలకు విస్తరాకులు వాడాలి. వేసవిలో గుడి వసారా బాటసారికి నీడ కావాలి, చలివేంద్రం కావాలి. తుఫాను రాత్రి మన బడి తలుపులు అందరికీ తెరచి ఉండాలి.

నాలుగవది, ఏటా సెప్టెంబరు 1వ తేదీని సృష్టి సంరక్షణ ప్రార్థనా దినంగా పాటించాలని 2015లో ఫ్రాన్సిసు పోపుగారు నిర్ణయించారు. ఆ రోజు కుటుంబ జపమాలలో ఒక గురుతును ఊరి సర్పంచి, వార్డు సభ్యులు, కార్యదర్శి కోసం ఒప్పగించండి. వారిని తిట్టడం మనకు బాగా అలవాటు. వారి కోసం ప్రార్థించిన కుటుంబాలు ఎన్ని?

గుడి మెట్ల దగ్గర ప్రశ్న అడిగిన ఆ పెద్దాయనకు నేను ఇచ్చే జవాబు ఇదే: అయ్యా, సముద్రాన్ని సర్పంచిగారు చల్లార్చలేరు. కాని మీ మనవరాలు తుఫాను రాత్రి ఎక్కడ తలదాచుకుంటుందో, వేసవిలో ఏ బావి నీరు తాగుతుందో ఆయన, మీరు, నేను కలిసి నిర్ణయించగలం. వీధి లైటుకు ఆరు నెలలు పట్టిందంటే, ఆ ఆరు నెలల్లో మనం ఎన్నిసార్లు వెళ్ళి అడిగామన్నది కూడా చూసుకోవాలి.

ప్రార్థించుదము. పరలోక భూలోకములను సృజించిన సర్వేశ్వరా, మీరు మాకు అప్పగించిన నేలను, నీటిని, తీరాన గుడ్లు పెట్టే తాబేలును, తంపరలో వాలే పక్షిని మేము నిర్లక్ష్యం చేశాము. మమ్ము క్షమించండి. తుఫానులో సర్వం కోల్పోయిన కుటుంబాలను ఓదార్చండి. మా ఊరి పెద్దలకు వివేకమును, మాకు ధైర్యమును దయచేయండి. మా ఇంటి ఎదుటి గోడను మా చేతులతో కట్టే భాగ్యాన్ని మాకు అనుగ్రహించండి. సముద్ర తారయైన మరియమాతా, మా తీరప్రాంత ప్రజల కొరకు ప్రార్థించండి. మా నాథుడైన యేసుక్రీస్తు ద్వారా ఈ మనవులను ఆలకించండి. ఆమెన్.